ఎలుకలొచ్చాయా అని అడిగిన సారు

సారు పోయిన సంగతి మా అమ్మాయి చెప్పింది. పొద్దున కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, ఫోన్ చూసుకుంటూ అలాగే నిలబడిపోయింది. "నాయనా, మలుపింటి సారు పోయినారంట. హార్ట్ అంట" అంది. నేను నమ్మలేదు. నిన్న పొద్దున ఏడింటికి నాతో చెరువు దాకా నడిచిన మనిషి. గ్రూపుల్లో ఏమైనా రాస్తారు, ఇంకెవరి సంగతో అయ్యుంటుంది అన్నాను. అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది.

ఉన్నమాట రాస్తాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇంక ఎవరిని అడిగేది, అనిపించింది. నాలుగేళ్ళుగా ఒక్క మాట అడగాలని గొంతులో పెట్టుకుని తిరిగాను. నా ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టింది మీరేనా సారూ, అని. అడగలేదు. ఆయన పోయారు.

మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు సారు గురించి నాలుగు మాటలు రాయమన్నారు. సంతాపసభలో మాట్లాడమంటే తల అడ్డంగా ఊపి వెనక కుర్చీలో కూర్చున్నాను. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. పదిమందిలో నోరు పెగలదు. రాసేటప్పుడు ఎవరూ ముఖం చూడరు కాబట్టి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి.

నాది కర్నూలు వైపు. మావాళ్ళు గొర్రెలు కాసేవాళ్ళు. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా మాకు ఊరు లేదు. మేత ఎక్కడుంటే అక్కడ మంద, మంద ఎక్కడుంటే అక్కడ మేము. తర్వాత ఒకచోట నిలిచిపోయాం. ఈ మాట ఇక్కడెవరికీ చెప్పలేదు. సారుకు మాత్రం చెప్పాను. ఎందుకు చెప్పానా అని చాన్నాళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

అమెరికాలో మా అమ్మాయి ఉండే ఈ ఆష్‌బర్న్‌కు వచ్చిన మొదటి చలికాలం అది. మా వీధిలో కుక్క లేకుండా నడిచే మనిషి కనిపించడు. కుక్క తాడు చేతిలో ఉంటే ఎక్కడ ఎంతసేపు నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు. నాకు కుక్క లేదు. భుజం మీద నల్ల గొంగడి, చేతిలో కట్టె. ఇళ్ళ మధ్య పచ్చిక కనబడితే నిలబడి చూసేవాణ్ణి. ఈ ఇంటి పచ్చిక ముప్పై గొర్రెలకు రెండు పూటలు వస్తుంది, ఆ ఇంటిది ఒక పూటే, అని మనసులో అనుకునేవాణ్ణి. అంత మేతను యంత్రంతో కోసి సంచుల్లో కట్టి చెత్తబండికి వేస్తారు.

ఒక సాయంత్రం అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూనే, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా నిలబడింది.

"నాయనా, పొద్దున యాడ నిలబడినావు?"

"యాడా లేదే. నడిచినా."

"మరి ఇది చూడు."

ఫోన్‌లో నేనే. గొంగడి, కట్టె. ఎవరిదో ఇంటి పక్క సందులోకి తొంగి చూస్తున్నట్టు ఉన్నాను. కింద ఇంగ్లీషులో ఉన్నది అమ్మాయి చదివింది. గుర్తు తెలియని మనిషి, చేతిలో కర్ర ఉంది, ఇళ్ళ పక్క సందులు గమనిస్తున్నాడు, జాగ్రత్త. దాని కింద ఒకరు పోలీసులకు ఫోన్ చేయమన్నారు. ఇంకొకరు మా ఇంటి ముందు కూడా ఆగాడన్నారు. పెట్టినవాళ్ళ పేరు ఉండాల్సినచోట ఒక పువ్వు బొమ్మ, రెండు అక్షరాలు. అమ్మాయి అక్కడే టైప్ చేసింది, "ఈయన మా నాన్న" అని. కాసేపటికి ఫొటో మాయమైంది.

మాయమైనా నా కంట్లో ఉండిపోయింది. అది పైకిటికీ లోపలి నుంచి తీసిన ఫొటో. ఒక మూల పసుపుపచ్చ పరదా అంచు పడింది. అక్కడికి కనిపించే పైకిటికీలు మూడిళ్ళకే ఉన్నాయి. ఒకటి అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇల్లు. ఒకటి పగలంతా ఆఫీసుల్లో ఉండే కుర్రజంటది. మూడోది సారుది.

"కొన్నాళ్ళు బయటికి పోవద్దులే నాయనా. బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ ఉంది కదా" అంది అమ్మాయి. ఎక్కి చూశాను. ఎంత నడిచినా ముందు అదే గోడ. దిగేశాను. నాకు ఇక్కడ కారు రాదు, మాట రాదు. నాదంటూ ఉన్నది ఆ పొద్దుటి నడక ఒక్కటే. అది కూడా పోయిందనుకున్నాను.

రెండు రోజులకు తలుపు చప్పుడైంది. తీస్తే సారు. ఉన్నిటోపీ, కొత్త తెల్లబూట్లు. ఒక బూటుకు దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది.

"అన్నా, మీరు రోజూ పొద్దున నడుస్తారటగా. నేనూ వస్తాను" అన్నారు.

ఆయన ఎవరో తెలుసు. ఇక్కడి కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రాజుల గురించి కాదు. రాజులు, రాతలు లేని కాలంలో మనుషులు ఎట్లా తిరిగేవాళ్ళు, తిరగడం మాని ఎట్లా నిలిచారు, అదీ ఆయన చదువు. అంత చదివినాయన నన్ను అన్నా అనడమేమిటి? ఫొటో వచ్చిన రెండో రోజుకే నడవాలని ఎందుకు పుట్టింది? పైగా కుడిమోకాలు సరిగ్గా వంగడం లేదు, మెట్టు దిగుతుంటే చూశాను. వద్దనడం చేతకాక, "మీ ఇష్టం సారూ" అన్నాను.

ఆ రోజు నుంచి వాన పడినా, మంచు పడినా ఏడింటికల్లా మా మెట్ల దగ్గర ఉండేవారు. నడక మొదలైతే ప్రశ్నలు మొదలు.

"మంద దించినచోట ఎన్నాళ్ళుండేవారన్నా?"

"మేత ఉన్నన్నాళ్ళు."

"పొయ్యిరాళ్ళు వెంట తీసుకెళ్ళేవారా, వదిలేసేవారా?"

"రాళ్ళు మోసుకుపోతారా ఎవురైనా?"

"మళ్ళీ ఏడు వచ్చి ఆ రాళ్ళతోనే పొయ్యి పెట్టేవారా?"

"ఉంటే పెడతాము. లేకుంటే వేరేవి."

పోలీసులు అడిగినట్టు ఉండేది. ఈయన నా మాటలు పుస్తకానికి ఎక్కిస్తాడు, మావాళ్ళ బతుకు నలుగురిలో పెట్టి నవ్విస్తాడు అని గట్టిగా అనుకున్నాను. ఒకరోజు కోటు జేబులోంచి కాగితం అంచు కనబడింది.

"ఏంది సారూ, రాసుకుంటాండారా?"

"లేదన్నా."

"మరి జేబులో అదేంది?"

తీసి నా చేతిలో పెట్టారు. కొత్తిమీర, పెరుగు, రెండు బల్బులు. "మా ఆవిడ లిస్టు. ఇది పారేసుకుంటే ఇంక నన్ను ఎవరో ఒకరు తవ్వి తీయాల్సిందే" అన్నారు. నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. రెండో జేబు చూపించలేదు కదా అనుకున్నాను.

నాకై నేను మొదటిసారి ఆయన్ను అడిగింది బూడిద దిబ్బ గురించి. మా ఊరి పక్కన గుట్టంత దిబ్బ ఉంది. రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని మావాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ మాట అనగానే సారు నడక ఆపేశారు.

"దాన్ని మీరు చూశారా?"

"చూసేదేంది సారూ, దాని మీదినుంచి జారి ఆడుకుంటిమి. చెడ్డీలు చినిగితే మా యమ్మ కొట్టేది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నేను దాన్ని పుస్తకంలో చూసి పాఠం చెప్పినవాణ్ణి. మీరు దాని మీద జారారు. నా ఉద్యోగం మీకివ్వాల్సింది" అన్నారు. తర్వాత చెప్పారు. అది రాక్షసుడి బూడిద కాదు, పేడ బూడిద. వేల ఏళ్ళ కిందట పశువుల్ని తోలుకుని తిరిగేవాళ్ళు అక్కడ దొడ్డి కట్టేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ అదేచోటికి వచ్చేవాళ్ళు. పేరుకున్న పేడను కాల్చేవాళ్ళు. అట్లా దిబ్బ పెరిగింది.

"వస్తూ పోతూ ఉన్నవాళ్ళు ఒక ఏడు పోవడం మానేశారన్నా. ఆ ఏడు ఏం జరిగిందో దిబ్బ చెప్పదు. నా సర్వీసంతా ఆ ఒక్క ఏడు వెతకడానికే సరిపోయింది."

ఆయన దేన్నీ ఊరికే నమ్మేవారు కాదు. అందులో నాకూ ఆయనకూ కుదిరింది. మనిషి పంటలు నేర్చాడు, అందుకని ఊరు కట్టుకున్నాడు, సుఖపడ్డాడు అని బడిలో మాకు చెప్పారు. ఆ మాట అంటే సారు చెయ్యి అడ్డంగా తిప్పేవారు. "సుఖపడ్డామని ఎవరు చెప్పారు? చెప్పినవాడు ఎక్కడుండి చెప్పాడు, గాదె పక్కన కూర్చునా? కొన్నిచోట్ల ఊరే ముందు వచ్చింది, పంట తర్వాత వచ్చింది. పంటలకు దిగాక చాలాచోట్ల మనుషులు పొట్టివాళ్ళయ్యారు. పళ్ళు పుచ్చాయి. ఎముకలు అబద్ధం చెప్పవు, కాకపోతే అవి అడిగినదానికే జవాబు చెప్తాయి" అనేవారు.

ఎలుకల సంగతి కూడా ఆయనే చెప్పారు. ఒకచోట జనం నాలుగు రోజులుండి పోయారా, లేక ఏళ్ళ తరబడి నిలిచారా అని తెలియాలంటే తవ్వినచోట చిట్టెలుక పళ్ళు వెతుకుతారట. మనిషి గింజ దాచుకుని కదలకుండా ఉన్నాడని నమ్మకం కుదిరితేనే ఇంటెలుక వచ్చి చేరుతుందట. "మనకన్నా ముందు దానికే తెలుస్తుందన్నా, మనం సెటిలయ్యామని" అన్నారు.

ఈ సెటిల్ అనే మాట మీద ఆయనకు పెద్ద అనుమానం. మన పిల్లలు రోజుకు పదిసార్లు అంటారు. ఒక పుట్టినరోజు పార్టీలో ఒక కుర్రవాడు ప్లేట్ పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"అంకుల్, ఇల్లు క్లోజ్ చేశాం, రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఇంక సెటిలైపోయినట్టే."

"ఎలుకలొచ్చాయా?" అన్నారు సారు.

"అయ్యో లేదంకుల్, బ్రాండ్ న్యూ కన్‌స్ట్రక్షన్."

"అయితే ఇంకా సెటిలవలేదు బాబూ. వచ్చాక చెప్పు."

ఆ పిల్లవాడు బిత్తరపోయాడు. సారు భార్య దూరం నుంచే, "ఏమండీ, అందరి ఇళ్ళలోకీ ఎలుకల్ని తోలకండి" అని కేకేసింది. నవ్వులయ్యాక ఆ పిల్లవాడే నెమ్మదిగా అన్నాడు, "నిజమే అంకుల్. ఇండియాకి వీసా స్టాంపింగ్‌కి వెళ్తే తిరిగొస్తామో లేదో తెలీదు. సూట్‌కేసులు అటక మీద పెట్టకుండా మంచం కిందే పెట్టుకున్నాం" అని. సారు వాడి భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచారు.

మేము నడిచే చెరువు గట్టు మీదినుంచి కిటికీలు లేని పెద్ద పెద్ద కట్టడాలు కనిపిస్తాయి. కంప్యూటర్లు దాచేవి. పగలూ రాత్రీ హోరుమంటుంటాయి. "ఇవి ఇప్పటి గాదెలన్నా. లోపల గింజ ఒక్కటుండదు, కాపలా మాత్రం ఉంటుంది" అనేవారు. ఒకరోజు అక్కడే నిలబడి, "కాపరి, కాపలా, కాపురం. మూడూ ఒక ఇంటి మాటల్లా లేవూ?" అన్నారు.

"నాకు వ్యాకరణం తెలీదు సారూ."

"నాకు మాత్రం తెలుసా? భాషవాళ్ళు వింటే తంతారు. కానీ చూడండి. గింజలు దాచుకున్నాం. దానికి కాపలా కావాలి. ఎలుక ముందొచ్చింది, దొంగ తర్వాతొచ్చాడు. దొంగ రాకముందే అనుమానం వచ్చేసింది."

చివరి మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు. నేను గమనించాను. ఆయన ఇంటి పైకిటికీకి ఏ రంగు పరదా ఉందో చూద్దామని ఆ రోజు తిరుగుదారిలో తల ఎత్తాను. తెల్లటి పరదా ఉంది. మార్చారేమో అనుకున్నాను. అంత పాడు బుద్ధి నాది.

మీరు ఎందుకు నిలిచారు అని సారు మొదటి వారమే అడిగారు. నేను జవాబు చెప్పింది రెండేళ్ళ తర్వాత. ఎందుకో ఆ పొద్దున నోరు వచ్చింది.

"మా అవ్వకు కండ్లు పోయినాయి సారూ. గాడిద మీద కూర్చోబెట్టి కొన్నాళ్ళు తిప్పినారు. ఒకనాడు పడింది. నన్నీడ్నే వదిలి పోండి అన్నది. మా నాయన వదల్లే. వానలైనంక పోదాం అన్నాడు. వానలైపోయినాయి. అవ్వ బతికే ఉండాది. మళ్ళా వానలొచ్చినాయి."

"అంతేనా?"

"అంతే. అంతలోకి నన్ను బడిలో ఏసినారు."

"భూమి కోసం కాదు, గింజ కోసం కాదు" అని సారు తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "ఒక ముసలమ్మకు కళ్ళు కనబడలేదని ఏ ఎముక చెప్తుందన్నా? ఎక్కడ తవ్వితే దొరుకుతుంది?"

ఆ ఊపులో మిగతాది కూడా చెప్పాను. మేము నిలిచిన మొదటి ఏడు ఊళ్ళో ఎవరిదో కోడి పోయింది. నేరుగా మా గుడిసె దగ్గరికి వచ్చారు. మా నాయన కుండలన్నీ బయటపెట్టి, మూతలు తీసి చూపించాడు. నేను ఆయన కాళ్ళ పక్కన నిలబడి ఉన్నాను. "నడిచేటప్పుడు వీండ్లు ఎప్పుడొస్తారో అని అనుమానం. నిలిచినంక ఎప్పుడు పోతారో అని అనుమానం. ఆ కోడి గలాయన చెడ్డోడు కాదు సారూ. మా పెండ్లిండ్లకు వచ్చినాడు తర్వాత. కోడి పోయింది, పాపం, ఎవర్నో ఒకర్ని అడగల్ల కదా" అన్నాను.

సారు ఆగిపోయారు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "అన్నా, మీకొకటి చెప్పాలి" అన్నారు.

నాకు తెలిసిపోయింది. ఏం చెప్పబోతున్నారో తెలిసిపోయింది. రెండేళ్ళుగా వినాలనుకున్న మాటే. అయినా వినబుద్ధి కాలేదు. చెప్పేస్తే నేను ఏదో ఒకటి అనాలి. అంటే రేపు ఏడింటికి ఆయన మా మెట్ల దగ్గరికి రారు.

"చలిగా ఉండాది, పదండి సారూ" అన్నాను.

ఆయన టోపీ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు నడిచాం. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తనివ్వలేదు. అనుమానం మాత్రం ఎక్కడికీ పోలేదు. మాతోపాటు మూడో మనిషిలా నడిచేది.

పదకొండో రోజు అయిపోయాక సారు భార్య మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నయ్యగారూ, ఇది నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఆ ఫొటో పెట్టింది ఈయనే."

నేను తల దించుకున్నాను.

"అంతకుముందు వారం వెనక వీధిలో గుమ్మాల ముందు పార్సిళ్ళు పోయాయి. పై గదిలోంచి మిమ్మల్ని చూసి కంగారుపడ్డారు. మీ అమ్మాయి రాసింది చూశాక అన్నం ముట్టలేదు. జీవితమంతా తిరిగేవాళ్ళ గురించి పాఠం చెప్పి, తిరిగే మనిషి ఒకడు గుమ్మం ముందుకొస్తే నేను చేసింది ఇదీ, అన్నారు. మర్నాడే బూట్లు కొన్నారు. డాక్టర్ ఆ మోకాలితో నడవొద్దన్నాడు. వింటారా? నేను పక్కనుంటే ఆయన్ని ఎవరూ ఫొటో తీయరు అన్నారు."

"మరి అన్ని ప్రశ్నలు ఎందుకమ్మా అడిగేది?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఊరికే పక్కన నడిస్తే మీకు అనుమానం వస్తుందని, మొదట్లో. తర్వాత మీరు చెప్పేది వినకపోతే ఆయనకు తోచేది కాదు. ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. అడగకుండా ఒకసారి ఫొటో తీసుకున్నాను, ఇంక ఏదీ తీసుకోను అనేవారు."

ఆమె వెళ్ళిపోయాక నాకు కోపం వచ్చింది. పోయిన మనిషి మీద. నాలుగేళ్ళు అన్నా అన్నా అన్నాడే, ఒక్క మాట అనలేకపోయాడా అని. ఆ తర్వాత, అననివ్వనిది నేనే కదా అని. ఆ తర్వాత ఇంకో అనుమానం. నా మనసు కుదుటపడాలని ఆమె కల్పించి చెప్పిందేమో. మూడు రోజులు గడప దాటలేదు.

మూడో రోజు గుర్తొచ్చింది. నడిచేటప్పుడు ఎప్పుడూ ఇళ్ళ వైపు ఆయన, రోడ్డు వైపు నేను. పోయేటప్పుడు ఇళ్ళు కుడిపక్క వస్తాయి. తిరిగొచ్చేటప్పుడు ఎడమపక్క. చెరువు దగ్గర వెనక్కి తిరగగానే ఆయన ఆ మోకాలిని ఈడ్చుకుంటూ నా వెనకనుంచి చుట్టి వచ్చి పక్క మార్చుకునేవారు. రోజూ. ఒక్కరోజు తప్పకుండా. ఇదేం పిచ్చి అలవాటురా అనుకునేవాణ్ణి. ఏ కిటికీలోంచి చూసినా ముందు ఆయనే కనబడాలి. నేను ఆయన అవతల ఉండాలి.

ఆమె చెప్పింది నిజమే.

ఈ పొద్దున ఏడింటికి బయలుదేరాను. రాత్రంతా మంచు పడి ఆగింది. ఇంకా ఎవరూ పారతో తీయలేదు. చెరువు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాను. కాలిబాటకు రోడ్డు వైపున్న అంచు వెంబడే నా అడుగులు, కట్టె పొడిచిన గుంటలు వరసగా ఉన్నాయి. ఇళ్ళ వైపు మనిషి పట్టేంత మంచు ఎక్కడా చెదరకుండా తెల్లగా ఉంది.